ఇంజనీరు – మేస్త్రీ: ఒక నామవిచారము

సాంకేతికపదములకుఁ దెలుఁగుమాటలు కుదుర్చుటకై పండితులును వృత్తివిద్యాబోధకులును గూడిన యొక సమావేశమున నేనును నుంటిని. యంత్రములను బాగుచేయు నేర్పరిని తెలుఁగున నేమనవలె నను ప్రశ్న వచ్చెను. పట్టికలో “మెకానిక్కు” అని యుండెను. ఒక బోధకుఁడు దానిని గొట్టివైచి “మరమ్మతు ఇంజనీరు” అని వ్రాయవలె ననెను. పట్టము పుచ్చుకొననివానికి నాపేరెట్లు చెల్లునని మఱియొకరు అడ్డుచెప్పిరి. మధ్యాహ్నమెల్ల వాదము సాగి తేలకయే నిలిచిపోయెను. ఇంజనీరు శబ్దమునకుఁ బట్టముతోడి సంబంధ మనాదిసిద్ధమైన దన్నట్లు ఇరుపక్షములవారును మాటలాడిరి. మనకు మున్నే యున్న మేస్త్రీ శబ్దమును గుఱించి యొక్కరును నోరు మెదపలేదు. ఆ రెండుమాటల చరిత్రమును విచారించి నాకుఁ దోఁచిన నిర్ణయమును జదువరుల యెదుట నుంచుచున్నాను.

ఇంజనీరు అను మాట ఇంజను అను యంత్రమునుండి పుట్టినదని పలువురు తలఁతురు. అది సరికాదు. లాటినుభాషలో ఇంగేనియుమ్ అనఁగాఁ బుట్టుకతో వచ్చిన బుద్ధి. అందలి ‘గెన్’ ధాతువు మన ‘జన్’ ధాతువునకు సోదరము. కాఁబట్టి మన యాలంకారికులు సహజప్రతిభ యని చెప్పుదానికి నా శబ్దము మిక్కిలి సమీపమైనది. మధ్యయుగమున ఆ బుద్ధిచేఁ గల్పింపఁబడిన సాధనమునకును, విశేషించి కోటగోడలను బడఁగొట్టు యుద్ధయంత్రమునకును నదే పేరు సంక్రమించెను. అట్టి యంత్రములను గట్టి నడపువాఁడు ఇంగేనియాటర్. ఆ పదము ఫ్రెంచిభాషమీఁదుగా నింగ్లీషునఁ జేరినది. ఆవిరియంత్రము పుట్టుటకుఁ బెక్కు శతాబ్దములు ముందే యింజనీరు కలఁడు. పట్టములిచ్చు ఇంజనీరింగు కళాశాలలు పుట్టుట మఱియు నిటీవలిమాట.

ఆవిరియంత్రపు చరిత్రమునే చూతము. గ్లాస్గో విశ్వవిద్యాలయమున గణితపరికరములను జేయుచు బాగుచేయుచు జీవించిన జేమ్సు వాట్టు పట్టభద్రుఁడు కాఁడు. ఆ విశ్వవిద్యాలయమువారికి న్యూకమెన్ యంత్రపు నమూనా యొకటి యుండెను. అది సరిగా నడువకుండుటచే 1763–64 ప్రాంతమున బాగుచేయుట కాతనికి నిచ్చిరి. ఆతఁడు దానిని నడపించి యూరకొనలేదు. ఇంత చిన్నయంత్రమున కింత యావిరి యేల వ్యయమగుచున్నదని విచారించెను. ప్రతితోపునందును గొట్టమును జల్లార్చి మఱల వేఁడిచేయుటయే వ్యయహేతువని కనిపెట్టి, ఆవిరిని వేఱొకపాత్రలోఁ జల్లార్చు నుపాయమును 1765లోఁ గనుఁగొని, 1769లో దానికి పేటెంటు పొందెను. ఒక మరమ్మతుపని ఇంగ్లండు దేశపు పరిశ్రమలస్థితినే మార్చివైచెను. జార్జి స్టీఫెన్‌సన్ కథయు నిట్టిదే. బొగ్గుగనులలో యంత్రమును గాచుకొను కూలివాఁడుగా నుండి, పదునెనిమిదేండ్లు వచ్చినపిదప అక్షరములు నేర్చిన యాతఁడు, ఒరులకు సాధ్యముకాని కిల్లింగ్‌వర్తు గనియందలి నీరుతోడు యంత్రమును 1811లో బాగుచేసి పేరుపొందెను. 1847లో యాంత్రిక ఇంజనీర్ల సంఘము స్థాపింపఁబడినపుడు దాని కాతఁడే ప్రథమాధ్యక్షుఁడు.

ఇంగ్లండున 1851లో నేర్పడిన యొక కార్మికసంఘముపేరు కూడ ఇంజనీర్ల సమ్మేళనసంఘము. అందలి సభ్యులు ఫిట్టరులు, టర్నరులు, కమ్మరులు, మిల్లుయంత్రములను గట్టువారు, పట్టభద్రులు కారు. అమెరికాలో రైలుబండిని నడపువానిని నేఁటికిని ఇంజనీరనియే యందురు. కాఁబట్టి శబ్దచరిత్రమే ప్రమాణమైనచో మొదటి బోధకుని పక్షమే గెలిచినది.

కాని శబ్దచరిత్ర మొక్కటియే ప్రమాణము గాదు. పేరు పెద్దదైనంతమాత్రమున దానిని ధరించువాఁడు పెద్దవాఁడగునా యను ప్రశ్నకు మేస్త్రీ శబ్దమే సమాధానము చెప్పఁగలదు. ఇది పోర్చుగీసువారి ‘మెస్త్రె’. దానికి మూలము లాటినునందలి ‘మగిస్టర్’. ‘మగిస్’ అనఁగా నధికము. మన ‘మహత్’ శబ్దమునకుఁ జుట్టము. గురువు, అధిపతి అని దాని యర్థము. ఇంగ్లీషు మాస్టరును, జర్మను మైస్టరును, తెలుఁగు మేస్త్రీయు నొకతల్లి బిడ్డలు. బడిలోఁ దన గురువును ‘మాష్టారూ’ యని పిలిచిన బాలుఁడే యింటికిఁ బోవుచు దారిలో గోడకట్టువానిని ‘మేస్త్రీ’ యని పిలుచుచున్నాఁడు. రెండుపిలుపులును మొదట నొక్కమాటయే యని యా బాలునికిఁ జెప్పువారు లేరు. ఇంకొక చిత్రము: ఇంగ్లీషునందలి మినిస్టరు శబ్దము ‘మినుస్’ నుండి, అనఁగా నల్పమను నర్థము గలదానినుండి పుట్టినది. అధికుఁడని చెప్పఁబడినవాఁడు తాపీ పట్టుకొని పరంజిమీఁద నిలిచెను. అల్పుఁడని చెప్పఁబడినవాఁడు మంత్రియై గద్దెనెక్కెను.

మేస్త్రీ మాత్రమే యిట్లు దిగిపోలేదు. పారసీకమున ‘మిహ్తర్’ అనఁగా నధికతరుఁడు, ప్రభువు. ఉత్తరదేశమున వీధులూడ్చువారికి నది గౌరవముగానే యీయఁబడెను. వారి బ్రదుకు మాఱలేదు కావున మాటయే దిగి వారితోడఁ గూర్చుండెను. మన మేస్త్రీకి బర్మాలో మఱియొక యపకీర్తి వచ్చెను. కోరంగిమొదలగు రేవులనుండి తెలుఁగుకూలీలను రంగూనునకుఁ గొనిపోయి వారి కూలిలో పాలుపట్టుకొనిన దళారికిని మేస్త్రీయనియే పేరు.

అచ్చముగా మనదియే యగు నుదాహరణము ‘ఒజ్జ’. ఉపాధ్యాయశబ్దభవమైన యీ మాటకు గురువని యర్థము. కమ్మరము, వడ్రంగము, శిల్పము మొదలగు వృత్తులవారి పేళ్ళతుద నున్న ‘ఓజు’ ఇదియే. కన్నడదేశమున హొయ్సలుల దేవాలయములందు దాసోజ మొదలగు శిల్పుల పేళ్ళు చెక్కఁబడియున్నవి. ఆచారియను బిరుదమును నీవృత్తులవారికిఁ గలదు. ఉలి పట్టినవానికిని గంటము పట్టినవానికిని మన పూర్వులొక్కపేరు పెట్టిరి. పంతుళ్ళమైన మన మిది మఱవఁదగదు.

మరమ్మతుపనియే నీచమని, అందుచే దానిని జేయువాఁడు ఇంజనీరు కాఁడని కొందఱందురు. మరామతు అరబ్బీమాట, బాగుచేయుటయని యర్థము. పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమునఁ జెన్నపురి రాజధానిలోఁ జెఱువుల పనులును గాలువల పనులును మరామతు పేరనే సాగెను. మలయాళదేశమున నేఁటికిని పబ్లికువర్క్సుశాఖకు ‘పొదుమరామత్తు’ అని పేరు. రైతులు తమ చెఱువులను దామే బాగుచేసికొను నాచారము కుడిమరామతు. దానిని నిర్బంధించుటకై 1858 సంవత్సరపు మొదటిచట్టము పుట్టినది. తెలంగాణమున 2015లో మిషన్ కాకతీయ పేరఁ జెఱువులను బాగుచేయించినవారును ఇంజనీర్లే. గండిని బూడ్పించినవాఁడు ఇంజనీరై, కాలిన మోటారును జుట్టినవాఁడు కాకపోవుటకు మరమ్మతు కారణము గాదు.

మఱి కారణమేమి? కడపమండలమునందలి పోరుమామిళ్ళ చెఱువుశాసనము (క్రీ.శ. 1369) ఇచ్చటఁ జూడఁదగినది. మంచి తటాకమునకు వలసిన పండ్రెండంగములను, విడువవలసిన యాఱుదోషములను అందుఁ జెప్పిరి. జలశాస్త్రము నెఱిఁగిన బ్రాహ్మణుఁడు ఒక యంగము. తటాకనిర్మాణమున నేర్పరులైన జనులు మఱియొక యంగము. ఎఱిఁగినవాఁడు వేఱు, చేయువాఁడు వేఱు అను భేద మప్పటికే కలదన్నమాట. ఐనను నిరువురును నొక్కపట్టికలోనే యంగములై యున్నారు. మయమతమున నీ భేద మింత కఠినము గాదు. స్థపతి, సూత్రగ్రాహి, తక్షకుఁడు, వర్ధకి యని నలుగురు శిల్పులను జెప్పి, సూత్రగ్రాహి స్థపతికిఁ గుమారుఁడో శిష్యుఁడో యని యచ్చట నుడివిరి. అనఁగాఁ గొలఁతతాడు పట్టువాఁడు మున్ముందు స్థపతి కాఁగలఁడు. దారి మూయఁబడలేదు. నేఁటి యింజనీరుకును మేస్త్రీకిని నడుమ లేనిది ఆ దారియే.

ఇఁక నేఁటి చట్టములమాట. మనదేశమున 1972 సంవత్సరపు చట్టముచే ఆర్కిటెక్టు అను పేరు రక్షింపఁబడినది. ఇంజనీరు పేరునకు దేశమంతటికిఁ జెల్లు నట్టిరక్ష లేదు. ఆ చట్టము పేరునే కాని పనిని రక్షింపదని సుప్రీముకోర్టు 2020లోఁ దీర్పుచెప్పెను. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రమున శబ్దపరికరములను బరీక్షించి బాగుచేయు నొకగృహస్థుఁడు, వీధికూడలిలోఁ బసుపుదీప మెంతసేపు వెలుఁగవలెనో లెక్కకట్టి, తాను ఇంజనీరునని వ్రాసికొన్నందుకు 2017లో నైదువందలడాలర్ల జుల్మానా పడెను. స్వీడనుదేశమున ఆతఁడు ఇంజనీరింగు చదివియే యుండెను. ఆ రాష్ట్రపు లైసెన్సు మాత్రము లేదు. 2018లో న్యాయస్థానము ఆ నిషేధమును గొట్టివైచినది. 2020లో ఆతని లెక్కను రవాణా ఇంజనీర్ల సంఘమే గ్రహించినది. పేరునకు వేసిన కావలి యొక్కొక్కతఱి విద్యకే యడ్డమగు ననుట కిది చాలును.

జర్మనీలోఁ దీరు వేఱు. అక్కడ ఇంజనీరుపేరు చట్టబద్ధము, మైస్టరుపేరును జట్టబద్ధమే. 1953 నాటి వృత్తిచట్టము ననుసరించి పెక్కువృత్తులలో మైస్టరుపరీక్షయందుఁ దేరినవాఁడే యంగడి తెఱచి శిష్యులను జేర్చుకొనవలెను. 2004లో 53 వృత్తుల కా నియమమును దొలఁగించిరి. అనుభవము చూచి 2020లో 12 వృత్తులకు మఱల విధించిరి. మన మేస్త్రీకిని వారి మైస్టరునకును బుట్టుక యొక్కటే. అక్కడ మాట నిలిచియుండుటకును ఇక్కడ దిగిపోవుటకును భాష కారణము గాదు. ఆ పేరివెనుకఁ బరీక్షయు, శిష్యులను బెట్టుకొను నధికారమును, పనికిఁ బూఁచీయు నక్కడ నుండుటయే కారణము.

మనదేశముననే మరమ్మతుచేయువానికి ఇంజనీరను పేరు చట్టప్రకారము చెల్లునట్టి యొకచోటు కలదు, అది విమానశాల. విమానములను బరీక్షించి బాగుచేయువాఁడు విమానరక్షణ ఇంజనీరు. ఆ లైసెన్సునకు విశ్వవిద్యాలయపు పట్టము నియమము గాదు. పరీక్షలును జేతిపనియం దనుభవమును వలయును. పని ముగిసినపిదప నా విమాన మెగురఁదగియున్నదని యాతఁడు చేవ్రాలు చేయవలెను; లేనిచో నది నేలవిడువరాదు. అనర్థము కలిగినచో నా చేవ్రాలివానిని బిలిచి యడుగుదురు. ఇచ్చట ఇంజనీరు శబ్దమున కర్థము పట్టముగాదు, సహజప్రతిభయుఁ గాదు, చేవ్రాలు.

ఈ విషయము నా బుద్ధికిఁ దట్టించినవాఁడు మాయూరి మోటారుచుట్టు మేస్త్రీ. ఆతని యంగడిమీఁద ‘ఇంజనీరింగు వర్క్సు’ అని బోర్డు. మన పట్టణములలో లేతుపట్టెడలకును, వెల్డింగుకొట్లకును, మోటారులు చుట్టు నంగళ్ళకును నీ పేరు సామాన్యము. అంగడి ఇంజనీరింగుదైనను, లోపలివాఁడు మేస్త్రీయే! కాలినమోటారు వచ్చినపుడాతఁడు మొదట నడుగుట లేదు, చూచును. రాగితీగల చుట్టలలో మూఁడవపాలు మాత్రము నల్లఁబడి తక్కినది మెఱయుచున్నదా, లేక మూఁడింట రెండుపాళ్ళు నల్లఁబడినదా యని చూచును. డెల్టాకూర్పున నొక ఫేజుతీగ మాత్రము కాలినను, స్టారుకూర్పున రెండు ఫేజులతీగలు కాలి యొకటి మిగిలినను, దోషము మోటారుది కాదు. పైనుండివచ్చు మూఁడుతీగలలో నొకదానఁ గరెంటు తప్పినది. అన్నియు నొక్కరీతి మాఁడినచో దోషము వేఱు: వోల్టేజి తక్కువయగుటయో, భారము మించుటయో, బోరులో మోటారునకుఁ జల్లదనమిచ్చు నీరు తఱుగుటయో. పిదపఁ దీగను గోసి చుట్లు లెక్కించి, గేజిపలకతో లావు కొలిచి, యొక పుస్తకమునఁ దెలుఁగులో వ్రాసికొనును.

ఒక వేసవిని మా ప్రాంతపు గ్రామమొకదాని మంచినీటిమోటారు మూఁడుమాఱులు కాలెను. రెండవమాఱే యాతఁడు, లోపము స్టార్టరులో నున్నదని, ఒక ఫేజు వచ్చుచుఁ బోవుచున్నదని చెప్పెను. చెప్పుట నోటితోనే, వ్రాయుటకాతనికిఁ జోటులేదు. కాగితముమీఁద ‘మోటారు కాలినది, చుట్టించితిమి’ అని యుండఁగా, ఆ మోటారును విప్పిచూడని యొక యధికారి దానిక్రింద వ్రాలుచేసెను. మూఁడవమాఱు కాలినపుడు చుట్టుట చెడ్డదని మేస్త్రీకి రావలసిన సొమ్మును నిలిపివైచిరి. పదునొకండుదినములు గ్రామమువారు పొలములలోని బావులనుండి నీరు మోసికొనిరి. కడపట స్టార్టరును మార్చిరి, మోటారు నడచెను. సొమ్ముమాత్రము రాలేదు. పుస్తకమును జూపుచు నాతఁడు నాతో ననినమాట యిది: “సంతకం పెట్టేవారిని ఇంజనీరుగారంటారండి. మేము చెయ్యి పెట్టేవాళ్ళం.” మీకును ఆ పేరే పెట్టవలెనని పెద్దలు వాదించుచున్నారని నేను చెప్పఁగా, పేరు వద్దనియు, ఆ కాగితముమీఁద దనకొకగడి యున్నఁ జాలుననియుఁ జెప్పి తన పనిలోఁ బడెను.

కాఁబట్టి నా నిర్ణయమిది. పట్టములేదన్న హేతువుచే మేస్త్రీకి ఇంజనీరుపేరు చెల్లదనుట చరిత్రవిరుద్ధము. వాట్టును స్టీఫెన్‌సనును ద్రోసివేసి యింజనీర్లచరిత్రమును వ్రాయఁజాలము. ఐనను, చేవ్రాలు లేక పేరు మాత్ర మిచ్చుట మేస్త్రీకి మేలు గాదు. ఆ మాటయును మిహ్తరువలె దిగివచ్చి యాతనిచెంతఁ గూలఁబడును. బోర్డులమీఁద నిన్నాళ్ళుగా నున్న ఇంజనీరింగుశబ్దమే యిందుకు సాక్ష్యము. పేరు గొప్పదైనచో బాలురు వృత్తివిద్యలలోఁ జేరుదురని యా బోధకుఁడు చెప్పినమాట మంచిమనసుతోఁ జెప్పినదే. కాని యా బాలుఁడు చదువుముగించి పనిలోఁ జేరిన మొదటినెలలోనే పేరునకును గూలికిని గల యంతరము నెఱుంగును. అపుడు మోసపోయితినని తలఁచును. మోటారు, లిఫ్టు, బండిబ్రేకు, వంటవాయువుగొట్టము మొదలగు ప్రాణసంబంధమైన పనులలో బాగుచేసినవాఁడు చూచినదోషమును దానే వ్రాసి వ్రాలుచేయు నేర్పాటు రావలెను. అది వచ్చినచోట నతనిని ఇంజనీరనుటలోఁ దప్పులేదు, మేస్త్రీ యనుటలోఁ దక్కువయు లేదు.

పదకోశమువారికి నా విన్నపము: ‘మరమ్మతు ఇంజనీరు’ వలదు. ‘యంత్రవైద్యుఁడు’ అని యొకరు సూచించిరి. అది రూపకమే కాని పేరుగాదు. మేస్త్రీశబ్దమునే యుంచి, మోటారుమేస్త్రీ, కరెంటుమేస్త్రీ, లేతుమేస్త్రీ యని జనులు వాడుచున్న సమాసములనే యెక్కించి, అర్థమున ‘కూలివాఁడు’ అని గాక ‘వృత్తియందు గురువు, శిష్యులను దిద్దు నేర్పరి’ అని మొదట వ్రాయవలెను. మేస్త్రీల పుస్తకములలోని మాటలను గూడ నేరవలెను. మాయూరి మేస్త్రీ తన పుస్తకములు రెండింటిని బ్రతి వ్రాసికొనుటకై నాకిచ్చియున్నాఁడు. మొదటిది సమగ్రము. రెండవదానఁ బదునాలుగు పుటలు వార్నిషు తగిలి యొకదానికొకటి యంటుకొని విడిపోకున్నవి.